స్టార్టింగులో అన్నీ ఆపేసే మాస్టారు

మా ఎలక్ట్రీషియన్ మాస్టారు పోయిన సంగతి నాకు గంట ఆలస్యంగా తెలిసింది. ఏలూరు నుంచి ఆయన భార్య ఫోన్ చేశారు. ఆవిణ్ణి నేను పిన్నిగారు అంటాను. "మీ మాస్టారు ఇక లేరమ్మా. పొద్దున్నే కాఫీ తాగి, పేపరు చూస్తూ చూస్తూ కుర్చీలోనే వాలిపోయారు," అన్నారు. మళ్ళీ ఆవిడే, "నీకే ముందు చేద్దామనుకున్నానమ్మా. ఫోన్ ఛార్జింగులో ఉంది. ఛార్జింగులో ఉండగా మాట్లాడితే ఆయనకి కోపం కదా, నిండేదాకా ఆగాను," అన్నారు.

నాకు ఏడుపు రాబోయి నవ్వొచ్చింది. నవ్వినందుకు మళ్ళీ ఏడుపొచ్చింది. అవతల పిన్నిగారి పరిస్థితి కూడా అలాగే ఉన్నట్టుంది. ఆయన గురించి ఏదైనా రాయమని మా పాత బ్యాచి వాళ్ళు అడిగారు. ఆయన క్రమశిక్షణ గురించీ, నిజాయితీ గురించీ రాసేవాళ్ళు చాలామంది ఉంటారు. నేను మాత్రం ఆయన స్విచ్చులు ఆపడం గురించి రాస్తాను. నా బతుకు మలుపు తిరిగింది ఆ స్విచ్చుల దగ్గరే.

మాస్టారు ముప్పై ఏళ్ళకు పైగా ఎక్కడో దూరాన ఒక ఫ్లయింగ్ స్కూల్లో విమానాల కరెంటు పని చేశారు. పైలట్లు కాబోయే కుర్రాళ్ళు నేర్చుకునే చిన్న విమానాలవి. రిటైరై ఏలూరు వచ్చి ఇంట్లో కూర్చున్న రెండు నెలలకే పిన్నిగారు తెలిసినవాళ్ళ ద్వారా మా కాలేజీ ప్రిన్సిపాల్‌గారికి కబురు పంపారట. "ఏదో ఒక పని ఇచ్చి పుణ్యం కట్టుకోండి బాబూ, మా ఇంట్లో స్విచ్చులు అరిగిపోతున్నాయి" అని.

మాది తాడేపల్లిగూడెంలో ఒక చిన్న ప్రైవేటు ఇంజనీరింగ్ కాలేజీ. సరిగ్గా అప్పుడే పిల్లలకు చూపించడానికి ఎగరడం మానేసిన పాత శిక్షణ విమానం ఒకటి తెప్పించారు. రెక్కలు ఒక లారీలో, మొండెం ఇంకో లారీలో వచ్చాయి. గేటు దగ్గర దాన్ని చూసి ఎగ్జిబిషన్ వచ్చిందనుకుని ఒకాయన "టికెట్టు ఎంతండీ?" అని వాచ్‌మన్‌ని అడిగాడు. మా ఊళ్ళో పాతకాలపు రన్‌వే ఒకటి ఉందిగానీ, దాని మీద వాకింగ్ చేసేవాళ్ళనీ స్కూటీ నేర్చుకునేవాళ్ళనీ తప్ప విమానాన్ని నేను చూడలేదు. అందుకని, షెడ్డులో చోటు చాలక రెక్కలు బిగించకుండానే గొలుసులు వేసి కట్టేసిన ఆ విమానమే మాకు విమానం. దాని ఇంజను మాత్రం భేషుగ్గా తిరిగేది. దానికి సంరక్షకుడిగా మాస్టారు వచ్చారు. రోజూ ఏలూరు నుంచి ప్యాసింజర్ బండిలో, ఒక చేతిలో క్యారేజీ, ఒక చేతిలో మల్టీమీటరు.

ఆయన అలవాటు ఏమిటో చెప్పాలంటే ముందు ఇంజను స్టార్టింగు గురించి చెప్పాలి. భయపడకండి, కష్టమేమీ కాదు. ఇంట్లో నీళ్ళ మోటారు వెయ్యగానే బల్బు ఒక్క క్షణం నీరసపడుతుంది కదా. విమానంలోనూ అంతే. ఇంజన్ని తిప్పడానికి స్టార్టర్ మోటారు బ్యాటరీలో ఉన్న సత్తువంతా లాగేసుకుంటుంది. ఆ కాసేపట్లో రేడియోలు, దారి చూపే స్క్రీన్లు నీరసపడి ఆరిపోతాయి. పాతవైతే ఆ కుదుపుకి చెడిపోయేవి కూడా. ఈ సరంజామా మొత్తాన్నీ ఏవియానిక్స్ అంటారు. దీనికంతటికీ కలిపి ఒకే స్విచ్చి ఉంటుంది. స్టార్ట్ చేసేముందు దాన్ని ఆపాలి, ఇంజను అందుకున్నాక వెయ్యాలి. మాస్టారు ముప్పై ఏళ్ళు చేసిందీ ఇదే, చెయ్యనివాళ్ళని తిట్టిందీ ఇందుకే. "లేచేవాణ్ణి ముందు లేవనివ్వాలమ్మా. లేచాక పలకరించాలి," అనేవారు.

ఆ సూత్రాన్ని ఆయన విమానానికే పరిమితం చేసి ఉంటే ఈ వ్యాసం ఇంత పొడుగు ఉండేది కాదు. వాళ్ళింట్లో మిక్సీ వెయ్యాలంటే ముందు టీవీ ఆపాలి, ఫ్యాన్ ఆపాలి, ఛార్జర్లు పీకాలి. సీరియల్లో కోడలు నిజం చెప్పబోయే ప్రతిసారీ పిన్నిగారి కొబ్బరి పచ్చడి అడ్డొచ్చేది. "ఏవండీ, నాలుగు మెంతులు నూరడానికి కూడా మీ కంట్రోల్ టవర్ పర్మిషన్ కావాలా?" అని ఆవిడ వంటింట్లోంచి అడిగేవారు. "అడిగినందుకు సంతోషం. ఇప్పుడు వేసుకోండి," అని ఆయన హాల్లోంచి చెప్పేవారు.

స్టేషన్ దగ్గర షేరాటో ఎక్కితే, "బాబూ, ముందు ఆ పాట ఆపు నాయనా, తర్వాత బండి స్టార్ట్ చెయ్యి," అనేవారు. "పాటకీ ఇంజనుకీ ఏంటండీ సంబంధం?" అని ఒక డ్రైవరు తెలియక అడిగాడు. స్టేషన్ నుంచి కాలేజీ దాకా మాస్టారు సంబంధం చెబుతూనే ఉన్నారు. ఆ తర్వాత ఆ డ్రైవరు మాస్టారు ప్లాట్‌ఫామ్ మీద దిగడం చూస్తే చాలు, పాట ఆపేసి నిలబడేవాడు. మిగతా ప్రయాణికులు ఎవరైనా పోయారేమోననుకునేవారు.

అన్నిటికీ మించినది ఏలూరులో పిన్నిగారి మేనకోడలి పెళ్ళి. సరిగ్గా ముహూర్తానికి కరెంటు పోయింది. జనరేటరు తాడు లాగబోతున్నారు. మాస్టారు తాంబూలాలు తొక్కుకుంటూ పరిగెత్తి మైకుసెట్టు ఆపేశారు. పంతులుగారు గట్టిమేళం అని అరిచినా దూరంగా కూర్చున్న మేళం వాళ్ళకి వినపడలేదు. పెళ్ళికొడుకు పాపం నిశ్శబ్దంగా మూడు ముళ్ళూ వేశాడు. "మైకు ఎవరండీ ఆపిందీ?" అని పెళ్ళికూతురి తండ్రి ఎర్రగా చూశారు. "నేనేనండీ. ఆంప్లిఫయరుకి ఏమీ కాలేదు, మీరు కంగారు పడకండి," అన్నారు మాస్టారు ఎంతో మర్యాదగా.

నేను ఆయన దగ్గర నేర్చుకుని, డిగ్రీ అయ్యాక అదే ల్యాబులో ఏడాదికని టెంపరరీగా చేరాను. మాది ఊళ్ళో బ్యాటరీల షాపు. ఇన్వర్టర్లు, ట్రాక్టరు బ్యాటరీలు అమ్ముతాం. ఏడాది అయిపోగానే నేను షాపులో కూర్చోవాలని నాన్నగారి ఆలోచన. ఆయన ఎప్పుడూ గొంతు పెంచరు. "నేనేం కాదనటం లేదమ్మా," అంటారు. దానికి మా ఇంట్లో అర్థం ససేమిరా అని. నాకేమో విమానాల పనే కావాలి. నా చేతిలో ఉన్న ఆశల్లా ఒక పెట్టె.

టిఫిన్ డబ్బా అంత పెట్టె అది. లోపల చిన్న బ్యాటరీ. స్టార్టర్ కరెంటు లాగేసే ఆ కొద్ది సెకన్లూ స్క్రీన్లకు ఇది దన్నుగా నిలుస్తుంది. ఈ చిన్న బ్యాటరీ కరెంటుని కూడా స్టార్టర్ మింగేయకుండా మధ్యలో ఒక అడ్డుకట్ట. చేపల చెరువు తూముకి ఒక వైపే తెరుచుకునే తలుపు ఉంటుంది చూడండి, అలాంటిదన్నమాట. ఇలాంటివి విదేశాల్లో తయారవుతున్నాయి. నేను కనిపెట్టిందేమీ లేదు. మన ఎండలకీ మన ఉక్కకీ తట్టుకునేలా చెయ్యాలన్నదే నా పట్టుదల.

మాస్టారికి చూపిస్తే మొహం ముడుచుకున్నారు. "స్విచ్చి ఆపడం చేతకానివాళ్ళ కోసం కదమ్మా ఇది?" అన్నారు. నాకు ఒళ్ళు మండింది. "కాదు మాస్టారూ. ఇప్పుడొచ్చే విమానాల్లో ఆయిల్ ప్రెషర్ కూడా ఆ స్క్రీన్ మీదే కనిపిస్తుంది. ఇంజను అందుకోగానే పైలట్ మొట్టమొదట చూడాల్సింది అదేనని మీరే చెప్పారు. స్క్రీన్ ఆపేస్తే ఏం చూస్తాడు? మీ మొహం చూస్తాడా?" అన్నాను. నోరు జారానని తర్వాత తెలిసింది. ఆయన క్యారేజీ తీసుకుని వెళ్ళిపోయారు. రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు వచ్చి, "నువ్వన్నది నిజమేనమ్మా. మా కాలంలో ఆయిల్ ప్రెషర్‌కి వేరే మీటరు ఉండేది. ఇప్పుడు లేదు. రెండు రోజులూ నీ తప్పు ఎక్కడుందా అని వెతికాను. దొరకలేదు," అన్నారు.

ఆ రోజు నుంచి పెట్టె మీద నాకంటే ఆయనకే ఎక్కువ యావ. నాలుగుసార్లు విప్పించి మళ్ళీ చేయించారు. వైర్లను ప్లాస్టిక్ పట్టీలతో బిగిస్తే ఒప్పుకోలేదు. మైనం పూసిన దారంతో, మల్లెపూలు కట్టినట్టు, వరసగా ముడులు వేసి కట్టాలి. నేను కట్టిందాన్ని వేలితో మీటి, "వదులు. మళ్ళీ కట్టమ్మా," అనేవారు. ఆ దారం వాసన ఇప్పటికీ నా వేళ్ళకి ఉన్నట్టే అనిపిస్తుంది.

మొదటి పరీక్ష కైకలూరులో జరిగింది. మాస్టారి బావమరిదికి అక్కడ రొయ్యల చెరువులున్నాయి. నీళ్ళలో ఆక్సిజన్ ఎంతుందో చెప్పే మీటరు ఆయన జనరేటరు బ్యాటరీ మీదే నడిచేది. జనరేటరు స్టార్ట్ అయిన ప్రతిసారీ మీటరు ఆరిపోయి, ఆక్సిజన్ సున్నా అని అందరి ఫోన్లలో అలారం మోగేది. ఇంటిల్లిపాదీ అన్నాల దగ్గర్నుంచి లేచి చెరువు గట్టుకి పరిగెత్తేవారు. "విమానానికి పెట్టే ముందు రొయ్యలకి పెట్టి చూద్దామమ్మా. అవి కంప్లయింటు ఇవ్వవు," అన్నారు మాస్టారు. పెట్టె పెట్టి పదిసార్లు జనరేటరు వేసి ఆపాం. అలారం ఒక్కసారి కూడా మోగలేదు. బావమరిదిగారు పెట్టెని కండువాతో తుడిచి, "బావగారూ, విమానం సంగతి తర్వాత చూద్దురుగానీ, దీన్ని మాత్రం ఇక్కణ్ణుంచి కదపకండి," అన్నారు. ఆ పెట్టె అక్కడే ఉండిపోయింది. నేను ఇంకోటి చేసుకోవలసి వచ్చింది.

అప్పుడు మాస్టారు తన పాత ఫ్లయింగ్ స్కూలుకి ఫోన్ చేశారు. అక్కడి చీఫ్ ఇంజనీరుగారిది మన చింతలపూడే. ఒకప్పుడు మాస్టారి కింద హెల్పరుగా చేరి, ఆయన చేత నానా తిట్లూ తిని, పైకొచ్చినాయన. సొంతూరు వస్తున్నాను, ఒక పూట వచ్చి చూస్తానన్నారు. పెట్టె నచ్చితే వాళ్ళ విమానం ఒకదానిలో పెట్టి, అది చూసుకోవడానికి నన్ను విమానాలు ఉంచే హ్యాంగర్లో పనికి తీసుకుంటారు. నచ్చకపోతే వచ్చే సోమవారం నుంచి షాపు. నాన్నగారు గల్లాపెట్టె పక్కన నాకోసం కొత్త కుర్చీ కూడా వేయించేశారు.

ఆ రోజు షెడ్డులో ప్రిన్సిపాల్‌గారు, నాన్నగారు, చీఫ్ ఇంజనీరుగారు వరసగా నిలబడ్డారు. స్టార్ట్ చేసే పని మాస్టారు ఇంకెవరికీ ఇవ్వలేదు. కొత్త చొక్కా వేసుకుని ఎడమ సీట్లో కూర్చున్నారు. పరీక్ష కోసం మేం బిగించిన కొత్తరకం స్క్రీన్ వెలుగుతోంది. నేను రెక్క ఉండాల్సిన చోట నిలబడి మనసులో ఉన్న దేవుళ్ళందరికీ మొక్కుకుంటున్నాను. తాళం తిప్పారు. ఇంజను గురగురమని తిరిగింది, అందుకుంది. కిటికీలోంచి చూస్తే స్క్రీన్ నల్లగా ఉంది. పది సెకన్ల తర్వాత మళ్ళీ మొదటి నుంచి వెలగడం మొదలుపెట్టింది.

ఇంక చెప్పేదేముంది. రొయ్యల దగ్గర పదికి పది మార్కులు తెచ్చుకున్న పెట్టె విమానం దగ్గర సున్నా. చీఫ్ ఇంజనీరుగారు ఎంతో సౌమ్యంగా, "పర్లేదమ్మా, మంచి ప్రయత్నం. ఇంకా పని చెయ్యాలి దీని మీద," అన్నారు. మంచి ప్రయత్నం అనే మాట కంటే తిట్టు ఇంకోటి లేదని నాకు ఆ రోజు తెలిసింది. పెట్టె విప్పి చూశాను. బ్యాటరీ నిండుగా ఉంది, ఒక్క ముడి కూడా ఊడలేదు. ఎక్కడ తప్పిందో తెలియలేదు. నాన్నగారు నా భుజం మీద చెయ్యి వేసి, "నేనేం కాదనలేదుగదమ్మా," అన్నారు. ఇంజను ఆపి దిగిన మాస్టారు మాత్రం నా మొహం చూడలేదు. "ఏమిటో, ఇలా అయ్యిందేమిటో," అని గొణుక్కుంటున్నారు.

రైలుకి ఇంకా టైముందని అందరూ క్యాంటీనుకి వెళ్ళారు. నేను తినే స్థితిలో లేను గానీ మర్యాద కోసం కూర్చున్నాను. పెసరట్లు వచ్చాయి. ఇంతలో కరెంటు పోయింది. క్యాంటీను కుక్కు పెరట్లోకి వెళ్ళి జనరేటరు తాడు పట్టుకున్నాడు. మాస్టారు పెసరట్టు తుంచుతూ చీఫ్ ఇంజనీరుగారితో ఏలూరు ఎండల గురించి మాట్లాడుతున్నారు. మాట ఆగలేదు, చూపు మరల్చలేదు. ఎడమ చెయ్యి మాత్రం దానంతట అదే లేచి, వెనక గోడకున్న టీవీ స్విచ్చి వెతుక్కుని, టక్కున ఆపేసి వచ్చి మళ్ళీ ఒళ్ళో కూర్చుంది.

అప్పుడు మాట ఆగింది. ఆయన ఒళ్ళో ఉన్న ఆ చేతి వంక చూశారు. ఎవరో తెలియని మనిషి తన పక్కన వచ్చి కూర్చున్నట్టు చూశారు. జనరేటరు అందుకుంది, లైట్లు వచ్చాయి. ఆయన ఇంకా చూస్తూనే ఉన్నారు. నాకు ఏమీ అర్థం కాలేదు. బల్ల దగ్గర ఉన్నవాళ్ళెవరికీ అర్థం కాలేదు. ఆ క్షణంలో ఆయన నోరు మూసుకుని పెసరట్టు తినేసి ఉంటే ఈ జన్మలో ఎవరికీ తెలిసేది కాదు. చీఫ్ ఇంజనీరుగారు రైలెక్కేవారు, మాస్టారి పేరు అలాగే ఉండేది, నేను సోమవారం నుంచి ఇన్వర్టర్లకు డిస్టిల్డ్ వాటర్ పోస్తూ ఉండేదాన్ని.

మాస్టారు లేచి నిలబడ్డారు. "ఏవండీ, మీతో ఒక మాట చెప్పాలి," అన్నారు. తన కింద హెల్పరుగా పనిచేసిన మనిషిని ఆయన అండీ అనడం అదే మొదటిసారి అనుకుంటాను, చీఫ్ ఇంజనీరుగారు కూడా కంగారుగా లేచి నిలబడ్డారు. "స్క్రీన్ దానంతట అది ఆరిపోలేదండీ. నేను ఆపాను. తాళం తిప్పే ముందు ఆపేశాను, ఇంజను అందుకున్నాక వేశాను. నాకు తెలియకుండా నా చెయ్యే చేసేసింది. పెట్టెకి పని చెయ్యడానికి నేను అవకాశమే ఇవ్వలేదు. అమ్మాయి తప్పేమీ లేదు."

చీఫ్ ఇంజనీరుగారు నవ్వడం మొదలుపెట్టారు. బల్ల పట్టుకుని, కళ్ళు తుడుచుకుని మరీ నవ్వారు. "మాస్టారూ, ఆ స్విచ్చి ఆపడం మర్చిపోయానని నన్ను మూడు రోజులు హ్యాంగరు గుమ్మం తొక్కనివ్వలేదు మీరు. ఇప్పుడు ఆపినందుకు మిమ్మల్ని ఏం చెయ్యమంటారు?" అన్నారు. మాస్టారు నవ్వలేదు. "నన్నేం చేసినా సరేనండి. ఇంకొక్కసారి చూసి వెళ్ళండి," అన్నారు. అందరి ముందూ, తన దగ్గర నేర్చుకున్న మనిషి ముందు, అంత ఖచ్చితమైన మనిషి నా కోసం అలా నిలబడ్డారు. దానికి నేను ఆయనకి ఏనాడూ సరిగ్గా దణ్ణం పెట్టలేదు. ఇప్పుడు పెడుతున్నాను.

చెయ్యి కడుక్కోవడం కూడా మర్చిపోయి అందరం షెడ్డుకి పరిగెత్తాం. ఈసారి ఎడమ సీట్లో నన్ను కూర్చోబెట్టారు. ఆయన కుడి సీట్లో కూర్చుని రెండు చేతులూ తొడల కింద పెట్టుకున్నారు. చీఫ్ ఇంజనీరుగారు కిటికీలోంచి తొంగి చూసి, "అదేంటి మాస్టారూ?" అన్నారు. "వీటిని నమ్మలేమండీ," అన్నారు మాస్టారు.

స్క్రీన్ మీద మ్యాపు వచ్చింది. మధ్యలో మేమున్న చోట చిన్న విమానం బొమ్మ. దానికి మాత్రం రెక్కలున్నాయి. ఎడమ పక్కగా కింద కొల్లేరు, నీలంగా, పరుచుకుని ఉంది. నా చెయ్యి కూడా స్విచ్చి వైపు వెళ్ళబోయింది. ఆయన శిష్యురాలిని కదా. "వద్దమ్మా. తిప్పు," అన్నారు. తిప్పాను. స్టార్టర్ మూలిగింది. నెత్తి మీది బల్బు కొడిగట్టింది. సీట్లు, అద్దాలు, మా పళ్ళు అన్నీ వణికాయి. ఇంజను అందుకుంది. స్క్రీన్ మాత్రం రెప్ప వెయ్యలేదు. ఆయిల్ ప్రెషర్ అంకెలు మా కళ్ళ ముందే ఒకటొకటిగా పైకెక్కాయి. మళ్ళీ ఆపి, మళ్ళీ తిప్పాను. ఆరుసార్లు తిప్పాను. ఆరుసార్లూ కొల్లేరు ఉన్నచోటే ఉంది.

"ముందు ఒక విమానంలో పెడతాం. పెట్టెతో పాటు అమ్మాయిని కూడా పంపండి. రేపు దీనికేమైనా అయితే నేనెవర్ని తిట్టాలి?" అన్నారు చీఫ్ ఇంజనీరుగారు నాన్నగారితో. "నేనేం కాదనటం లేదండీ," అన్నారు నాన్నగారు. చరిత్రలో మొదటిసారి ఆ మాటకి అవునని అర్థం వచ్చింది. మిగతా అందరూ చీఫ్ ఇంజనీరుగారిని స్టేషన్‌లో దింపడానికి వెళ్ళారు.

నేను వాళ్ళని గేటు దాకా పంపి, షెడ్డు మూయడానికి తిరిగి వచ్చాను. మాస్టారు ఇంకా కుడి సీట్లోనే ఉన్నారు. ఇంజను చల్లబడింది, పెద్ద బ్యాటరీ ఆపేసి ఉంది. మా పెట్టె ఒక్కటే స్క్రీన్‌ని వెలిగిస్తోంది. "ఇంక దిగండి మాస్టారూ, బండికి టైమైంది. స్క్రీన్ ఆపేస్తాను," అని చెయ్యి చాపాను.

"ఉండనీ అమ్మా, కాసేపు," అన్నారు.

నేను చెయ్యి వెనక్కి తీసుకున్నాను. ఆయన చేతులు ఇంకా తొడల కిందే ఉన్నాయి. షెడ్డులో చీకటి పడుతోంది. ఆయన కళ్ళద్దాల్లో కొల్లేరు రెండు చిన్న నీలం ముక్కలుగా వెలుగుతూ ఉంది.